ఏడు నిమిషాల ఆలస్యానికి ఎంత కోత?

ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. జీడిమెట్ల పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. 60 మంది పనివాళ్లు. గంటల లెక్కన కూలి, నెలకోసారి బట్వాడా. గేటు పక్కన వేలిముద్ర మిషను. ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్లారో అది నిమిషాలతో సహా రాసిపెడుతుంది. ఆ నిమిషాలు జీతంగా మారే దారిలో ఏమవుతున్నాయన్నదే ఈ సంవాదం. తమ్ముడు ఆ యూనిట్ యజమాని. అక్క కార్మిక చట్టాల లాయరు. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక, తన హాజరు లెక్క చట్టానికి నిలుస్తుందో లేదో చూసిపెట్టమని తమ్ముడే ఆమెను పిలిచాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మొహమాటం లేదు. జీతం పెంచమని గొంతెత్తి అడిగేవాళ్లున్నారు కానీ, ఉన్న జీతాన్ని నిమిషాల్లో ఎలా లెక్కకడుతున్నారని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్న కాబట్టే దీన్ని ఇక్కడ పెడుతున్నాను.

తమ్ముడు: చూడక్కా, ముందే చెబుతున్నా. నా దగ్గర దొంగలెక్క లేదు. పాత మస్టర్ రోజుల్లో సూపర్‌వైజరు తనకు నచ్చినవాడికి పూర్తి హాజరు వేసేవాడు, నచ్చనివాడికి సగం పూట కొట్టేసేవాడు. కార్డులొచ్చాక ఒకడి కార్డు ఇంకొకడు కొట్టేవాడు. ఆ బాధ పడలేకే మిషను పెట్టించాను. దానికి కులం లేదు, ఊరు లేదు, చుట్టరికం లేదు. వేలు పెడితే టైము రాస్తుంది. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?

అక్క: టైము రాయడం వరకు నాకు పేచీ లేదు. మిషను 9:07 అని రాసింది. నీ జీతం షీట్లో 9:15 అని ఉంది. ఆ ఎనిమిది నిమిషాలు ఎవరు మార్చారు?

తమ్ముడు: ఎవరూ మార్చలేదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ అది. షిఫ్టు 9కి మొదలు. ఐదు నిమిషాలు గ్రేస్ ఇచ్చాను. అది దాటితే తర్వాతి పావుగంట నుంచి లెక్క. సాయంత్రం 5:30కి షిఫ్టు అయిపోతుంది. ఆ తర్వాత నిండా అరగంట ఉంటేనే ఓటీ. మధ్యలో భోజనానికి అరగంట దానంతట అదే పోతుంది. నెలలో మూడు లేట్లయితే సగం పూట కోత. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు. చుట్టుపక్కల ఏ యూనిట్‌లో అడిగినా ఇంచుమించు ఇదే చెబుతారు.

అక్క: సెట్టింగ్ దానంతట అది పుట్టదు. ఒక మనిషి కూర్చుని ఏ గడిలో ఏ అంకె వెయ్యాలో నిర్ణయించాడు. నువ్వు చెప్పినవాటిలో గ్రేస్ ఒక్కటే వాళ్ల వైపు ఉంది. మిగతావన్నీ నీ వైపే. ఆ గ్రేస్ సంగతీ చూడు. 9:05కి వచ్చినవాడికి ఐదు నిమిషాలు కలిసొస్తాయి. ఒక్క నిమిషం తర్వాత వచ్చినవాడికి ఏకంగా పదిహేను పోతాయి.

తమ్ముడు: ఎక్కడో ఒక గీత గియ్యాలి కదా. గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లకు ఎప్పుడూ అన్యాయంగానే కనిపిస్తుంది. రైలు కూడా 9:06కి వచ్చినవాడి కోసం ఆగదు.

అక్క: రైలు తప్పినవాడు ఆ రోజు ప్రయాణం చెయ్యడు. నీ పనివాడు 9:07కి వచ్చి 9:08 నుంచి పని చేస్తున్నాడు. ఆ చేసిన ఏడు నిమిషాలూ నీకే వస్తున్నాయి. సరే, కూడి చూద్దాం. పేస్టింగ్ సెక్షన్లో ఒకతని వారం చదువుతాను, విను. సోమవారం 8:56కి వచ్చాడు, 5:42కి వెళ్లాడు. మంగళవారం 9:07, 5:44. బుధవారం 8:58, 5:58. గురువారం సరిగ్గా 9, 5:41. శుక్రవారం 9:08, 5:55. శనివారం 8:55, 5:43.

తమ్ముడు: మామూలు వారమే. ఇందులో గొడవేముంది?

అక్క: ముందు నీ షీటు లెక్క. మంగళవారం 9:07 కాస్తా 9:15 అయింది, శుక్రవారం 9:08 కూడా 9:15 అయింది. రెండూ కలిపి 30 నిమిషాల కోత. సాయంత్రాలు ఏ రోజూ నిండా అరగంట లేదు కాబట్టి ఓటీ సున్నా. 48 గంటలు చెయ్యాల్సినవాడు నీ షీట్లో 47 గంటల 30 నిమిషాలే చేశాడు. ఇప్పుడు మిషను లెక్క. పొద్దున 9కి ముందు వచ్చిన నిమిషాలు నేను అడగను, వదిలేద్దాం. ఆలస్యం 7, 8 కలిపి 15 నిమిషాలు. సాయంత్రం 5:30 తర్వాత ఉన్నది 12, 14, 28, 11, 25, 13. మొత్తం 103. అందులోంచి ఆలస్యం 15 తీసేస్తే 88. అంటే 49 గంటల 28 నిమిషాలు. మనిషీ అతనే, వారమూ అదే, మిషనూ అదే. రెండు లెక్కల మధ్య తేడా 118 నిమిషాలు.

తమ్ముడు: ఆగక్కా, అక్కడే తప్పులో పడుతున్నావు. లోపల ఉండటం వేరు, పని చెయ్యడం వేరు. 5:30కి సైరన్ మోగుతుంది, మిషన్లు ఆగుతాయి. చేతులు కడుక్కుంటారు, బట్టలు మార్చుకుంటారు, క్యూలో నిలబడి పంచ్ కొడతారు. 5:42 అని ఉందంటే పన్నెండు నిమిషాలూ పెట్టెలు అంటించాడని కాదు.

అక్క: నిజమే. మరి బుధవారం 5:58 ఏమిటి? శుక్రవారం 5:55 ఏమిటి? చేతులు కడుక్కోవడానికి అరగంట పట్టిందా?

తమ్ముడు: ఆ రెండు రోజులూ లారీ వచ్చి ఉంటుంది. లోడింగ్ ఉంటే చెయ్యి వేస్తారు.

అక్క: లోడింగ్ పని కాదా?

తమ్ముడు: పనే. కానీ అరగంట కాలేదు.

అక్క: అరగంట కాకపోతే పని కాకుండా పోతుందా? సరే, నీ మాటే తీసుకుంటాను. చేతులకూ బట్టలకూ క్యూకూ కలిపి రోజుకు పది నిమిషాలు తీసేద్దాం. ఆ పది నిమిషాల సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ఇక మిగిలేవి 2, 4, 18, 1, 15, 3. మొత్తం 43. ఆలస్యం 15 పోతే 28. గంటకు 60 రూపాయలు అనుకో, నిమిషానికి రూపాయి. వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు రేటు అన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న మాట. 28 నిమిషాలకు 56 రూపాయలు నువ్వు ఇవ్వాలి. ఇవ్వకపోగా 30 కోశావు. ప్రతిదీ నీవైపు మొగ్గేలా లెక్కేసినా ఒక్క మనిషికి ఒక్క వారంలో 86 రూపాయల తేడా. 60 మందికీ ఇంత ఉండదులే. సగమే అనుకున్నా వారానికి 2,580 రూపాయలు.

తమ్ముడు: క్రాఫ్ట్ పేపరు ధర పెరిగితే నా దగ్గర పెట్టెలు కొనేవాడు రేటు పెంచడు. బిల్లు ఇచ్చాక మూడు నెలలకు డబ్బులొస్తాయి. జీతాలు మాత్రం ఏడో తారీకు దాటనివ్వను. అప్పుచేసైనా ఇస్తాను. ఆ సంగతి కూడా రాసుకో.

అక్క: రాసుకుంటాను. పెద్ద కంపెనీలు చిన్న యూనిట్ల గొంతు మీద కూర్చుంటున్న మాట నిజం. ఆ బరువును నువ్వు మీ పేస్టింగ్ వాడి నిమిషాల మీదికి దించుతున్న మాటా నిజమే. నువ్వు తెలిసి చేశావని అనడం లేదు. తెలియకుండా జరుగుతోంది కాబట్టే ఇది మరీ ప్రమాదం. తెలిసి కోసేవాడు ఎప్పుడైనా సిగ్గుపడతాడు. సెట్టింగ్‌కు సిగ్గుండదు.

తమ్ముడు: ఈ పావుగంటల పద్ధతి అమెరికాలోనే ఉందట కదా. సాఫ్ట్‌వేర్ అమ్మిన కుర్రాడు చెప్పాడు. అక్కడ ఏడు నిమిషాల రూల్ అంటారట. అంత పెద్ద దేశంలో చెల్లిన పద్ధతి జీడిమెట్లలో ఎందుకు చెల్లదు?

అక్క: ఆ కుర్రాడు సగమే చెప్పాడు. అమెరికా కార్మిక శాఖ నిబంధన ఒకటుంది, 1961 నుంచి. పంచ్ టైమును దగ్గరున్న ఐదు నిమిషాలకో, గంటలో పదో వంతుకో, పావుగంటకో సవరించుకోవచ్చంది. దగ్గరున్న పావుగంట, గుర్తుపెట్టుకో. 9:07కి వస్తే అది 9 అవుతుంది. 9:08కి వస్తే 9:15 అవుతుంది. సాయంత్రం 5:38కి వెళ్తే 5:45 అవుతుంది. ఒకరోజు వాళ్లకు కలిసొస్తుంది, ఇంకోరోజు నీకు. కొంతకాలం మీద ఇద్దరికీ సరిపోయి, చేసిన పనికంతా కూలి ముట్టాలి. ఆ షరతు మీదే దానికి అనుమతి. నీ సెట్టింగ్‌లో పొద్దున టైము ఎప్పుడూ ముందుకే జరుగుతుంది, సాయంత్రం ఎప్పుడూ వెనక్కే జరుగుతుంది. ఏ కిరాణా కొట్లోనైనా తరాజు ప్రతిసారీ కొట్టువాడి వైపే మొగ్గుతుంటే, అది పాతబడిందని ఎవరూ అనుకోరు.

తమ్ముడు: అంటే అమెరికాలో నా సెట్టింగ్ ఎవరూ వాడలేదంటావా?

అక్క: వాడారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మిషిగన్ రాష్ట్రంలో మౌంట్ క్లెమెన్స్ అనే ఊళ్లో ఒక కుండల ఫ్యాక్టరీ. అక్కడ పొద్దున పంచ్ కొట్టిన తర్వాత వచ్చే పావుగంట నుంచి, సాయంత్రం పంచ్‌కు ముందున్న పావుగంట వరకు మాత్రమే లెక్క. 6:46కి లోపలికి వచ్చి, 12:14కి భోజనానికి వెళ్లి, 12:46కి తిరిగొచ్చి, 4:14కి బయటికి వెళ్లినవాడికి సరిగ్గా ఎనిమిది గంటలే కట్టేవాళ్లు. గడియారం ప్రకారం 56 నిమిషాలు ఎక్కువ. 1946లో తీర్పొచ్చింది.

తమ్ముడు: ఆ 56 నిమిషాలూ ఇమ్మన్నారా?

అక్క: ఇమ్మనలేదు. నీకు అనుకూలమైంది కూడా చెబుతాను. పంచ్ టైము అంతా పని టైము కాదని, అందరూ ఒకేసారి గడియారం దగ్గరికి వచ్చినప్పుడు వరసలో నిలబడ్డ సమయం పని కిందికి రాదని ఆ కోర్టే అంది. గడియారం నుంచి పనిబల్ల దాకా నడిచిన సమయానికి మాత్రం కూలి కట్టమంది. యజమానులు గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడాదే, 1947లో, వాళ్ల పార్లమెంటు చట్టం చేసి ఆ నడకను తీసేసింది.

తమ్ముడు: చూశావా! నేను మొదటి నుంచీ అంటున్నది అదే. పంచ్ వేరు, పని వేరు.

అక్క: ఆ తీర్పులో ఇంకో ముక్క ఉంది. దాన్ని ఏ చట్టమూ తీసెయ్యలేదు. హాజరు రికార్డు సరిగ్గా ఉంచాల్సిన బాధ్యత యజమానిది. అతను సరిగ్గా ఉంచకపోతే, పనివాడు తాను ఎంత పని చేశాడో ఉజ్జాయింపుగా చూపిస్తే చాలు. కాదని నిరూపించాల్సింది యజమానే. మన వేతన కోడ్ 59వ సెక్షన్ కూడా ఆ దారిదే. తక్కువ ఇచ్చారనో, చట్టం ఒప్పుకోని కోత కోశారనో దావా పడితే, ఇవ్వాల్సింది ఇచ్చానని నిరూపించాల్సిన భారం నీదే. పైగా దావా వెయ్యడానికి మూడేళ్ల గడువుంది. పంచ్ వేరు, పని వేరు అంటున్నావు కదా. మరి పని ఎప్పుడు మొదలైందో నీ దగ్గర రాసి ఉందా?

తమ్ముడు: అది మాత్రం లేదు. పంచ్ ఒక్కటే ఉంది.

అక్క: ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నీకు నచ్చినట్టు తిప్పి రాస్తే, రేపు లేబర్ ఆఫీసులో దాన్నే నీకు సాక్ష్యంగా ఎలా చూపిస్తావు?

తమ్ముడు: పావుగంటలకు సవరించడం మోసమన్నట్టు మాట్లాడుతున్నావు. నిమిషాలు కూడటం ఎంత తలనొప్పో నీకు తెలియదు.

అక్క: చేత్తో కూడే రోజుల్లో తలనొప్పే. విల్లార్డ్ బండీ అని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక నగల వ్యాపారి ఉండేవాడు. ఈ హాజరు గడియారాన్ని 1888లో తయారుచేశాడు, 1890లో పేటెంటు వచ్చింది. ఆ వ్యాపారం చేతులు మారి, ఇంకో కంపెనీలో కలిసి, చివరికి ఐబీఎంలో భాగమైంది. అప్పట్లో వారాంతానికి గుమస్తా వందల టైములు చేత్తో కూడాలి. పావుగంటల్లోకి సవరిస్తే కూడిక సులువు. ఆ సులువు కోసం పుట్టిన పద్ధతిది. ఇప్పుడు నీ కంప్యూటర్ 60 మంది నెల నిమిషాలను కళ్లు మూసి తెరిచేలోపు కూడుతుంది. అసలు విచిత్రం ఏంటంటే, దానికి నిమిషాలు ముందే తెలుసు. తెలిసినదాన్ని చెరిపేసి పావుగంట చెయ్యడానికి అది అదనంగా పని చేస్తోంది. కాలిఫోర్నియాలో ఒక అప్పీలు కోర్టు 2022లో హోమ్ డిపో కేసులో ఇదే మాట అంది. నిమిషాలను పట్టుకోగలిగి, పట్టుకున్నాక కూడా, వాటన్నిటికీ కూలి ఇవ్వకపోవడం ఎలా చెల్లుతుందని. నాలుగున్నరేళ్లలో అక్కడ ఒక పనివాడికి 470 నిమిషాలు పోయాయి. ఆ తీర్పును కాలిఫోర్నియా సుప్రీంకోర్టు సమీక్షకు తీసుకుంది కాబట్టి దాన్ని తుది మాట అనను. తర్కం మాత్రం చూడు.

తమ్ముడు: మన దగ్గర చట్టం నిమిషాల గురించి ఏమైనా చెప్పిందా?

అక్క: కేంద్రం 2020 నవంబర్లో బయటపెట్టిన ముసాయిదా నిబంధనల్లో ఓటీ గురించి ఒక వాక్యం ఉంది. 15 నుంచి 30 నిమిషాల వరకు చేస్తే అరగంటగా, 30 దాటితే గంటగా లెక్కకట్టాలని. ముసాయిదా కాబట్టి దాని మీద ఒట్టేసి చెప్పను. సవరించాల్సి వస్తే ఎటువైపు సవరించాలని ఆలోచించారో చూడు. నీ దగ్గర 28 నిమిషాలు సున్నా అయ్యాయి. ఆ ముసాయిదాలో అరగంట అవుతాయి.

తమ్ముడు: సరే, సాయంత్రం సెట్టింగ్ మీద ఇక వాదించను. భోజనం అరగంట కోత తప్పెలా అవుతుంది? అందరూ తింటారు కదా.

అక్క: అందరూ అరగంట తింటారా? లారీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే నీ సూపర్‌వైజరు టిఫిన్ డబ్బాలు మూయిస్తాడు. పావుగంటలో లేచొచ్చినవాడికి కూడా నీ షీట్లో అరగంట పోతుంది. ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలని పాత ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షనే చెప్పింది. నీ షీటు ప్రకారం ప్రతిరోజూ ప్రతి ఒక్కరికీ ఇచ్చావు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2021లో సరిగ్గా ఈ విషయం మీదే తీర్పిచ్చింది. నర్సులకు ఉద్యోగాలు చూపించే ఏఎంఎన్ అనే కంపెనీ టైములను పది నిమిషాలకు సవరించేది. 11:02కి భోజనానికి వెళ్లి 11:25కి తిరిగొస్తే, రికార్డులో 11 నుంచి 11:30 అని పడేది. 23 నిమిషాల విరామం కాగితం మీద నిండు అరగంట అయ్యేది. భోజన విరామం విషయంలో ఈ సవరింపు కుదరదని కోర్టు తేల్చింది. డబ్బుకన్నా ముందు ఆరోగ్యం ఉంది అందులో. తిని కాసేపు కూర్చోవడానికి చట్టం ఇచ్చిన సమయం అది.

తమ్ముడు: భోజనానికి కూడా పంచ్ పెట్టమంటావు.

అక్క: పెట్టు. లేదా, డబ్బాలు మూయించిన రోజు సూపర్‌వైజరు ఆ మాట రాసి సంతకం పెట్టాలి.

తమ్ముడు: ఇక మూడు లేట్ల సంగతి. దీనికి మాత్రం నేను ఒప్పుకోను, ముందే చెబుతున్నా. కారుగేషన్ లైను మీద ఒకడు రాకపోతే తొమ్మిది మంది చేతులు కట్టుకుని నిలబడాలి. ఏడు నిమిషాల ఆలస్యానికి ఏడు రూపాయలే పోతాయంటే ఎవడు టైముకు వస్తాడు? సగం పూట పోతుందన్న భయం ఉంటేనే 9కి లైను నడుస్తుంది. ఇది ఒక్కడి కోసం కాదు. టైముకు వచ్చిన తొమ్మిది మంది కోసం.

అక్క: నీ మాటలో బలముంది, కాదనను. లైను ఆగితే నష్టం నిజమే. చట్టం ఏం చెప్పిందో విను. హాజరు కానందుకు కోసే కోత, హాజరు కాని సమయానికి మించిన నిష్పత్తిలో ఉండకూడదు. 1936 వేతన చెల్లింపు చట్టం 9వ సెక్షన్‌లో ఉన్న మాట ఇది, ఇప్పుడు వేతన కోడ్ 20వ సెక్షన్. ఒకడు నెలలో మూడుసార్లు ఏడు, ఎనిమిది, ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. మొత్తం 21 నిమిషాలు. నువ్వు కోసింది సగం పూట, 240 నిమిషాలు. గైర్హాజరు కోత పేరుతో ఇది ఎలాగూ నిలవదు.

తమ్ముడు: జరిమానా అనుకో మరి. క్రమశిక్షణ కోసం జరిమానా వెయ్యకూడదా?

అక్క: వెయ్యొచ్చు. దానికి వేరే దారి ఉంది, 19వ సెక్షన్. ఏ తప్పుకు జరిమానా వేస్తావో ముందే అధికారుల అనుమతి తీసుకుని నోటీసు పెట్టాలి. వేసేముందు అతని మాట వినాలి. ఒక జీతకాలంలో జరిమానా జీతంలో 3 శాతం దాటకూడదు. వాయిదాల్లో కోయకూడదు. తప్పు జరిగిన 90 రోజుల తర్వాత వసూలు చెయ్యకూడదు. రిజిస్టర్లో రాయాలి.

తమ్ముడు: లెక్క నాకూ వచ్చు. రోజుకు 480 చొప్పున 26 రోజులు, 12,480. 3 శాతం అంటే 374 రూపాయల 40 పైసలు. సగం పూట 240. లోపలే ఉంది కదా!

అక్క: మొదటి సగం పూట లోపలే ఉంది. అదే నెలలో ఇంకో మూడు లేట్లు పడితే 480 అవుతుంది, గీత దాటుతుంది. అసలు సంగతి ఇంకా చెప్పలేదు. జరిమానాగా వచ్చిన డబ్బు నీది కాదు. అధికారులు ఒప్పుకున్న పద్ధతిలో పనివాళ్ల మేలుకే ఖర్చుపెట్టాలి. ఇన్నాళ్లూ కోసిన సగం పూటలు ఎక్కడికి వెళ్లాయి?

తమ్ముడు: ... జీతాల ఖర్చు ఆ మేరకు తగ్గింది.

అక్క: చట్టం రాసినవాళ్లు అక్కడే జాగ్రత్తపడ్డారు. ఆలస్యం వల్ల యజమానికి లాభం రాకూడదు. లాభం వస్తే, అతనికి తెలియకుండానే ఆలస్యాలు కావాలనిపిస్తాయి. క్రమశిక్షణే నీ ఉద్దేశమైతే, ఆ డబ్బు నీ జేబులోకి రాకపోయినా క్రమశిక్షణ నడుస్తుంది కదా?

తమ్ముడు: మరి వాళ్లు చేసేవి నీకు కనబడవా? 8:30కి పంచ్ కొట్టి రోడ్డు మీద టీ బండి దగ్గరికి పోయి 9:15కి లోపలికి వచ్చేవాళ్లున్నారు. మిషను ప్రకారం వాళ్లు అందరికన్నా ముందొచ్చినట్టు. నిమిషం నిమిషం లెక్కకడితే వాళ్లకు బహుమతి ఇచ్చినట్టు అవుతుంది.

అక్క: కనబడతాయి. అది కూడా ఇంకొకరి సొమ్ము తినడమే. దాని మందు మిషనులోనే ఉంది. రెండో మిషను లైను పక్కన పెట్టు, లేదా లైను మొదలైనప్పుడు సూపర్‌వైజరు పేర్లు చదివి రాసుకోవాలి. టీ బండి దగ్గర ఉన్నవాడికి ఆ నలభై అయిదు నిమిషాలూ ఇవ్వకు. 9 తర్వాత ఉన్న పదిహేనూ కోసెయ్యి. కానీ టీ తాగొచ్చినవాడి మీద కోపంతో, లారీ నింపినవాడి 28 నిమిషాలు తీసుకోకు. నీ సెట్టింగ్ ఆ ఇద్దరినీ ఒక్కటే చేస్తోంది.

తమ్ముడు: మిషను పట్టుకోలేనివి కూడా ఉంటాయి కదా.

అక్క: ఉంటాయి. పొద్దున నీ గేటు దగ్గర నిలబడి చూశాను. పేస్టింగ్‌లో పనిచేసే ఒకామె వేలు పెట్టింది, ఎర్ర లైటు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది, ఎర్ర లైటే. నోటితో ఊది, వేలు మార్చి, గట్టిగా నొక్కి పెట్టింది. అప్పటికి 9 దాటింది. ఆమె వెనక ఉన్న క్యూ అంతా ఆమె వైపే విసుగ్గా చూస్తోంది. రోజంతా అట్టల అంచులు రాసుకుని వేళ్ల గీతలు అరిగిపోయాయి, పైన గమ్ము పొర కట్టింది. నీ ఫ్యాక్టరీ పనే ఆ గీతల్ని అరగదీసింది. నీ మిషను ఆ గీతలే చూపించమంటోంది. పంచ్ పడని రోజు ఆమె నీ షీట్లో ఏమవుతుంది?

తమ్ముడు: ఆబ్సెంట్ పడుతుంది. తర్వాత వచ్చి చెబితే సరిచేస్తాం.

అక్క: ఎవరు సరిచేస్తారు?

తమ్ముడు: ఆఫీసులో కుర్రాడు. సూపర్‌వైజరు ఫోన్ చేసి చెబితే మార్చేస్తాడు.

అక్క: అంటే నువ్వు వదిలించుకున్నానన్న పాత మస్టర్ వెనక తలుపు గుండా తిరిగొచ్చింది. సూపర్‌వైజరుకు నచ్చినామె అయితే ఫోన్ వెళ్తుంది, లేకపోతే వెళ్లదు. పైగా మార్చిన గుర్తు కూడా మిగలదు. మారిస్తే పాత టైము అలాగే ఉండాలి, పక్కన కొత్తది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అన్నది ఉండాలి. వేలు పడనివాళ్లకు కార్డో ముఖం చూసే మిషనో ఇవ్వు.

తమ్ముడు: నువ్వు చెప్పేవన్నీ చేస్తే హాజరు చూసుకోవడానికే ఒక మనిషి కావాలి. ఇంకా ఏం చెయ్యమంటావు?

అక్క: ప్రతి శనివారం ఎవరి వారం లెక్క వాళ్ల చేతికి ఇవ్వు. ఆరు రోజుల టైములు, కట్టిన గంటలు, కోసినవి, ఎందుకు కోశారో. తెలుగు చదివేవాళ్లకు తెలుగులో, బీహార్ నుంచి వచ్చినవాళ్లకు హిందీలో.

తమ్ముడు: 60 మంది శనివారం సాయంత్రం రెండేసి నిమిషాల కోసం నా టేబుల్ చుట్టూ మూగుతారు. నువ్వు కోర్టులో ఉంటావు, నేను ఇక్కడ ఉంటాను.

అక్క: మొదటి శనివారం మూగుతారు. ఒకవేళ ప్రతి శనివారం మూగుతున్నారంటే, లెక్కలో ప్రతి వారం తప్పుందని అర్థం. ఇప్పుడు ఎవరూ రావడం లేదంటే లెక్క సరిగ్గా ఉందని అనుకోకు. వాళ్లకు కనపడటం లేదంతే. నెలాఖరున చేతికొచ్చిన మొత్తం తక్కువైందని తెలుసు, ఎక్కడ తక్కువైందో తెలియదు. అందుకే లెక్క గురించి అడగరు. ఏకంగా పనే మానేసి పక్క యూనిట్‌కు పోతారు.

తమ్ముడు: సరే, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నిమిషం నిమిషం కట్టమన్నావు. మరి నిమిషం నిమిషం కొయ్యొచ్చా? గ్రేస్ కూడా తీసేస్తాను. 9:03కి వస్తే మూడు నిమిషాలు పోతాయి. అప్పుడు వాళ్ల తరఫున వచ్చి దయ చూపించమని అనకూడదు.

అక్క: అనను. మూడు నిమిషాలకు మూడు రూపాయలు కొయ్యి. నేను అడుగుతున్నది దయ కాదు. అతని నిమిషం ఎంత విలువైతే, నీ నిమిషం కూడా అంతే విలువ అవ్వాలి. గ్రేస్ ఇవ్వాలనిపిస్తే అది నీ ఇష్టం. గ్రేస్ ఇచ్చిన పేరుతో సాయంత్రం ఓటీ మింగడానికి మాత్రం నీకు హక్కు లేదు.

తమ్ముడు: పొద్దున పావుగంట తీసేస్తాను. ఓటీ నిమిషాల్లో కడతాను, లోడింగ్ ఎప్పుడు మొదలైందో సూపర్‌వైజరు రాస్తాడు. మూడు లేట్ల సగం పూట ఆపేస్తాను. జరిమానా దారికి వెళ్లాలో వద్దో ఆలోచిస్తాను. వారం చీటీ ఒక నెల ఇచ్చి చూస్తాను. ఆ పది నిమిషాలు మాత్రం ఇవ్వను. చేతులు కడుక్కోవడం, బట్టలు మార్చుకోవడం వాళ్ల సొంత పని. పంచ్ ఎన్నింటికి పడినా, సైరన్ మోగాక పది నిమిషాలు నా లెక్కలోకి రావు.

అక్క: ఆ గమ్ము వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు. కడుక్కోవడానికి నీళ్లూ చోటూ యజమానే ఏర్పాటు చెయ్యాలని పాత ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షన్‌లోనే రాశారంటే, ఆ కడుక్కోవడం పనిలోంచే పుట్టిందని ఒప్పుకున్నట్టే కదా.

తమ్ముడు: నీళ్లివ్వమంది. నిమిషాలివ్వమనలేదు.

అక్క: అనలేదు. అందుకే అక్కడ నువ్వు గెలవొచ్చు, ఓడొచ్చు కూడా. ఒక్క పని చెయ్యి. సైరన్ తర్వాత పది నిమిషాలకు కూలి ఇవ్వబోమని గేటు దగ్గర బోర్డు మీద రాయించు. సెట్టింగ్‌లో దాచకు. అందరూ చదివే చోట పెట్టు.

తమ్ముడు: రాయిస్తాను. నాకేం భయం లేదు. నా మాట న్యాయమే అనుకుంటున్నాను.

అక్క: న్యాయమో కాదో వాళ్లు చదివాక తేలుతుంది. ఒప్పుకుంటే సరే. ఒప్పుకోక లేబర్ ఆఫీసుకు వెళ్తే మాత్రం, ఆ పది నిమిషాల కోసం నీ తరఫున నేను రాను. వేరే లాయర్ని చూసుకో.